ఆంబ్రోజ్ హార్నర్ గుటక

ఆంబ్రోజ్ హార్నర్‌కి చదువు రాదని బెడేల్ సంతలో ఎవరైనా అంటే, వినేవాళ్ళు నవ్వి ఊరుకునేవారు. రాదన్న మాట నిజమే. పేరు రాయమంటే నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి కలం తిరిగి ఇచ్చేసేవాడు. కానీ డార్న్‌బ్రో దొరల గుర్రాల సావిట్లో నలభై ఏళ్ళుగా పుట్టిన ప్రతి పిల్లకీ తల్లి ఎవరు, అమ్మమ్మ ఎవరు, ఆ అమ్మమ్మ ఏ దొర దగ్గర నుంచి వచ్చింది, ఏ కాలికి తెల్లమచ్చ ఉండేది, ఇదంతా అతని నోట్లోనే ఉండేది. ఆ రోజుల్లో ఆడగుర్రాలకి సరైన పేర్లు కూడా పెట్టేవారు కారు. విధవ హట్టన్ గారి నల్లది, పాదిరిగారి కుంటిదాని చెల్లెలు, ఇలాగే ఉండేవి పిలుపులు. మగవాటికి మాత్రం రాజుల పేర్లు పెట్టి జూలుకి రిబ్బన్లు కట్టేవారు. తొమ్మిది నెలలూ పదకొండు నెలలూ మోసేవాళ్ళ గతి ఏ జాతిలోనైనా ఇంతే.

సంతలో ఎవరైనా ఒక కూజా బీరు పోయించి, "ఏదీ, హాబ్ గురించి చెప్పు ఆంబ్రోజ్ బాబాయ్" అంటే చాలు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, చర్చిలో ప్రార్థన చెప్పినట్టు అందుకునేవాడు. "హాబ్. ముదురెరుపు. డార్న్‌బ్రో టర్క్ కొడుకు. తల్లి పెగ్. పెగ్ తండ్రి పెద్దదొరగారి బార్బరీ గుర్రం. పెగ్ తల్లి విధవ హట్టన్ గారి నల్లది. దాని తల్లి వెల్‌బర్న్ పాదిరిగారి కుంటిదాని చెల్లెలు." అక్కడికి వచ్చేసరికి వినేవాళ్ళు బల్లలు చరిచేవారు.

ఆ అప్పజెప్పడంలో ఒక్కచోట, 'టర్క్ కొడుకు' అనే ముందు, ఆంబ్రోజ్ గుటక వేసేవాడు. బీరు గొంతుకి అడ్డం పడిందనుకునేవారు అందరూ. బీరు లేనప్పుడూ ఆ గుటక పడుతుందని కనిపెట్టింది ఒక్క డోర్కస్, అతని భార్య. కనిపెట్టింది గానీ అడగలేదు. ఆవిడ దగ్గర కూడా అడక్కుండా ఉండాల్సిన సంగతి ఒకటి ఉండేది.

ఆంబ్రోజ్ తండ్రి మట్టి లేకుండా ఒట్టి రాళ్ళతో పొలాలకి గోడలు పేర్చేవాడు. కొడుక్కి రాళ్ళంటే విసుగు, గుర్రాలంటే ప్రాణం. పద్దెనిమిదో ఏట సావిట్లో పేడ ఎత్తడానికి చేరి, ముప్ఫైకల్లా ఆడగుర్రాలన్నిటికీ పెద్ద కాపరి అయ్యాడు. దొరల పాలకొట్టంలో చీజు చేసే డోర్కస్‌ని పెళ్ళాడాడు. పిల్లలు కలగలేదు. "మా ఆయనకి ఏటా పన్నెండు మంది పుడతారు, నాలుగేసి కాళ్ళతో" అనేది డోర్కస్. ఆ నవ్వులో కొంచెం నొప్పి ఉండేది, ఎక్కువ మాత్రం కాదు.

ఆ సావిడికి ఒక కట్టుబాటు ఉండేది. మగగుర్రంతో దాటించే దొడ్డిలోకి ఆడమనిషి అడుగు పెట్టకూడదు. పెడితే ఆ ఏడు గుర్రాలు చూడి నిలవవట. ఈ మాట మొదట ఎవడన్నాడో నాకు తెలియదు గానీ, వాడు జన్మలో ఒక్క పురుడైనా చూసినవాడు కాడని మాత్రం ఒట్టేసి చెప్పగలను. పెద్దదొరకి ఆ నమ్మకం ఎంత ఉండేదంటే, ఆ దొడ్డి గడప దాటిన, పాలు పితికే అమ్మాయిని ఆ పూటే పనిలోంచి తీసేశాడు.

ఇక ఆ గుటక ఎందుకు వచ్చిందో చెప్పాలి. పదహారేళ్ళ కిందట ఒక ఏప్రిల్ చివర్లో పెగ్‌ని టర్క్‌కి దాటించారు. టర్క్ అలెప్పో నుంచి ఓడలో వచ్చిన గుర్రం. కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టుండేది, ఒళ్ళు పట్టు గుడ్డలా మెరిసేది. దాటించాక రెండు వారాలకి ఆడగుర్రాన్ని మళ్ళీ దొడ్డికి తెచ్చి పరీక్ష చేయాలి. మందపాటి ఓక్ పలకల గోడకి ఇవతల ఆడదాన్ని, అవతల ఒక ముసలి మగగుర్రాన్ని నిలబెడతారు. ఆడది మెత్తబడితే చూడి నిలవలేదని అర్థం. చెవులు వెనక్కి వాల్చి పలక అదిరేలా తంతే నిలిచిందని అర్థం. చూడి నిలిచిన గుర్రం మరో మగదాన్ని దరికి రానివ్వదు.

ఆ పరీక్ష నాటికి ఆంబ్రోజ్ ఊళ్ళో లేడు. రేసు గుర్రాలతో దొర అతన్ని న్యూకాజిల్ పంపాడు. పని సావిట్లోని ముసలి పనివాడు జెఫ్రీకి అప్పగించి వెళ్ళాడు. తిరిగి వచ్చింది పెంతెకొస్తు పండగ ముందు శనివారం. సోమవారం ఊరంతా పండగే. ఆంబ్రోజ్ మధ్యాహ్నం గుర్రాలకి నీళ్ళు పెట్టి, పెగ్ ఉన్న గడ్డిమడి తలుపుకి గొళ్ళెం వేయకుండా, ఊరికే దగ్గరకి లాగి బీరు కోసం పరిగెత్తాడు.

సాయంత్రం ఎండ ఉండగానే తిరిగొచ్చి మడి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. పైకొండల నుంచి సీసం మోసుకొచ్చే తట్టుల, అంటే పొట్టి బరువు గుర్రాల, బిడారు వాగు ఒడ్డున దిగింది. వాటిని తోలే కెస్టర్ కూడా పండగ బీరు దగ్గరే ఉన్నాడు. అతని నల్ల తట్టు, పొట్టి మగది, మడిలో పెగ్‌కి పది బారల దూరంలో ఇంటల్లుడిలా నిలబడి గడ్డి మేస్తోంది. ఎంతసేపటి నుంచి ఉందో, ఏం జరిగిందో, ఏం జరగలేదో చూసినవాడు లేడు. ఆంబ్రోజ్ దాన్ని కొరడాతో తరిమి, గొళ్ళెం వేసి, చుట్టూ చూసి, నోరు మూసుకున్నాడు.

పెగ్‌కి పరీక్ష జరిగిందా అని జెఫ్రీని అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే, "ఎందుకడుగుతున్నావ్?" అంటాడు జెఫ్రీ. దానికి జవాబేదీ? రేపు రేపనుకుంటూ ఉండగానే ఆ చలికాలంలో జెఫ్రీ పోయాడు. మరుసటి ఏప్రిల్ నడిమధ్యలో పెగ్ ఈనింది. పదకొండు నెలల లెక్క టర్క్‌కీ సరిపోయింది, తట్టుకీ సరిపోయింది. గుర్రాలు మనుషుల్లా కాదు, పది రోజులు ముందైనా ఈనుతాయి, వెనకైనా ఈనుతాయి.

పుట్టిన పిల్ల చిన్నది. ఎంత పాలు తాగినా పొట్టిగానే ఉండిపోయింది. రాత్రిపూట ఇళ్ళల్లో దూరి పనులు చక్కబెట్టే మా కొండల మరుగుజ్జు దయ్యం పేరు పెట్టి హాబ్ అన్నారు. "ఇదేంటి బాబాయ్, టర్క్ కొడుకు ఇంత కురచగా ఉన్నాడు? దారిలో ఎక్కడైనా తడిసి ముడుచుకుపోయాడా?" అని సావిట్లో వాళ్ళు నవ్వేవారు. ఆంబ్రోజ్ కూడా నవ్వేవాడు. ఆ నవ్వు ఎంత కష్టపడి నవ్వాడో అతని కడుపుకే తెలుసు.

ఆరో ఏట హాబ్‌ని యార్క్‌లో జార్జి రాజుగారి 'ప్లేటు' అనే పందెంలో దింపారు. ఒక్కో పరుగు నాలుగు మైళ్ళు. పన్నెండు స్టోన్ల బరువు, అంటే దిట్టమైన మనిషంత, వీపు మీద. ఒకే రోజు మూడు పరుగులు, రెండు గెలిచినవాడిదే ప్లేటు. గెలిచిన గుర్రం గీత దాటేసరికి వెనక పాతిన కొయ్యనైనా చేరని గుర్రం ఇంటికే. మొదటి పరుగులో హాబ్ వెనకపడి, ఆ కొయ్యని ముక్కు తేడాతో దాటాడు. తాళ్ళ అవతల జనంలోంచి ఎవడో అరిచాడు. "ఆ తట్టుని కొండకి పంపండ్రోయ్! సీసం మోసుకు బతుకుతుంది!" జనం గొల్లుమన్నారు. ఆంబ్రోజ్ గడ్డిచుట్టతో హాబ్ ఒళ్ళు రుద్దుతూ, "ఒరే నాయనా, నువ్వెవరి కొడుకువైనా కానీ, నా పరువు నీ కాళ్ళ కింద ఉందిరా" అని చెవిలో గొణిగాడు.

రెండో పరుగు హాబ్‌ది. మూడో పరుగులో పెద్ద పెద్ద గుర్రాలు అలిసి నాలుకలు బయటపెట్టిన చోట, ఈ పొట్టివాడు అప్పుడే కట్టు విప్పినట్టు పరిగెత్తి ప్లేటు గెలిచాడు. జనం టోపీలు ఎగరేశారు. ఇందాక అరిచినవాడే అందరికంటే ఎక్కువ ఎగరేసి ఉంటాడు, జనం సంగతి తెలిసిందే కదా. ఆ తర్వాత మూడేళ్ళలో పదకొండు రేసులు పరిగెడితే తొమ్మిది గెలిచాడు. లింకన్‌లో బురదలో ఓడాడు. న్యూమార్కెట్‌లో ఒక ఆడగుర్రం చేతిలో ఓడి, కాలి నరం పట్టేసి ఇంటికొచ్చాడు. అక్కడితో పరుగు ఆపి, సావిట్లో తండ్రి గుర్రమయ్యాడు. జిల్లా సగంలో పుట్టిన పరుగు గుర్రాల్లో హాబ్ నెత్తురు ఉంది. కొత్త పిల్ల పుట్టిందన్న కబురు వచ్చినప్పుడల్లా ఆంబ్రోజ్‌కి సంతోషమూ, వెనకే గుటకా.

అలా బతుకు గడిచిపోయేదే. పెద్దదొర పోయి చిన్నదొర వచ్చాడు. హాబ్‌కి పదిహేనేళ్ళు నిండిన ఆ వసంతంలో లండన్ నుంచి ఓగ్డెన్ అనే పెద్దమనిషి విగ్గు సర్దుకుంటూ దిగాడు. పేరున్న గుర్రాల వంశాలన్నీ పుస్తకంగా అచ్చు వేస్తున్నాడు. పక్క జమీ దొర ఒకాయన అతని చెవిలో, "ఆ హాబ్ ఎత్తు చూశారా? తండ్రి ఏదో తట్టే అయుంటుంది" అని ఊదాడు. ఊరికే కుళ్ళుతో అన్న మాట. అందుకని ఓగ్డెన్ పట్టుబట్టాడు. పెగ్‌ని చూసుకున్న కాపరి గురువారం పదకొండు గంటలకి బంగళాకి వచ్చి, బైబిలు మీద చెయ్యి వేసి హాబ్ పుట్టుక చెప్పి, కాగితం కింద గుర్తు పెట్టాలి. పెట్టకపోతే పుస్తకంలో హాబ్ పేరు ఉండదు. తండ్రి పేరు లేని గుర్రాన్ని సావిట్లో ఉంచనని, ఇక దానికి బండి లాగడమే గతి అని చిన్నదొర కూడా అనేశాడు. కాగితంలో ఒక వాక్యం స్పష్టంగా ఉంది: ఆ రోజుల్లో మరే మగగుర్రమూ పెగ్ దగ్గరికి రాలేదు.

గురువారం పొద్దున ఆంబ్రోజ్ ఓట్స్ జావ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. డోర్కస్ గోడ వారన ఉన్న పొడుగాటి బల్ల మీద చీజు ముద్దలు ఒక్కొక్కటీ తిరగేస్తోంది.

"ఏమయ్యా, జావ పెట్టి ఎంతసేపైంది? దాని మొహం చూస్తూ కూర్చుంటే అదే లేచొచ్చి నీ నోట్లో పడుతుందా?"

"నాకొద్దే."

"ఎందుకొద్దు?"

"డోర్కస్, నేనివాళ నరకానికి పోతున్నానే."

"పోదువుగాని. ఖాళీ కడుపుతో ఎందుకు, తాగి పో."

అతను నవ్వలేదు. చేతుల్లో మొహం దాచుకున్నాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి భుజాలు కదులుతుంటే డోర్కస్ చేతిలో చీజు దించేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. అప్పుడు చెప్పాడు. గొళ్ళెం, బీరు, తట్టు, కొరడా, జెఫ్రీని అడగలేకపోవడం, పదకొండు నెలల లెక్క, యార్క్‌లో ఎవడో అరిచిన అరుపు, అన్నీ. చెప్పి, "ఒట్టేస్తే దేవుడి దగ్గర అబద్ధాలకోరుని. వెయ్యకపోతే హాబ్ బండి లాగాలి. వాడి పిల్లలు, మనవలు, వాటన్నిటినీ చూసి జనం నవ్వుతారు. ఏం చెయ్యనే?" అన్నాడు.

"నీ తాగుడు తగలెయ్య!" అంది డోర్కస్ ముందు. తర్వాత కనుబొమలు ముడిచింది. "ఉండు. ఏ సోమవారం అన్నావ్? పెంతెకొస్తు సోమవారమా?"

"ఆ."

"ఆ మర్నాడేగా కెస్టర్ బాతుకొవ్వు కోసం నా దగ్గరికొచ్చింది!"

"బాతుకొవ్వా?"

"వాడి నల్ల తట్టుకి రొమ్ము మీద కుండంత వాపు. రెండు గిట్టలూ అచ్చు గుద్దినట్టు కనిపించాయి. ఏ గుర్రం తన్నిందో తెలీదమ్మా, తాళ్ళు తెంపుకుని ఎక్కడికో పోయొచ్చింది అన్నాడు. నేనే రాసి పంపాను."

ఆంబ్రోజ్ జావ గిన్నె పక్కకి తోశాడు.

"పెగ్ తన్నిందయ్యా. తన్నకేం చేస్తుంది? అప్పటికే అది చూడితో ఉంది."

"నీకెలా తెలుసు?"

ఈసారి గుటక వేయడం డోర్కస్ వంతైంది. కుడిచేతి చిటికెన వేలు పైకెత్తి చూపించింది. అది పదహారేళ్ళుగా వంకరగానే ఉంది. "ఇది వెన్నపీపాలో పడి విరిగిందని చెప్పాను కదూ?"

"చెప్పావు."

"వెన్నపీపా వేలు విరగ్గొడుతుందటయ్యా? ఇన్నేళ్ళు నమ్మావు చూడు, అదీ నీ తెలివి! నువ్వు న్యూకాజిల్‌లో ఉన్నప్పుడు జెఫ్రీకి నడుం పట్టేసింది. లేవలేకపోయాడు. పరీక్ష తప్పిందని తెలిస్తే దొర వెళ్ళగొడతాడు డోర్కసమ్మా, నాకు ఇంకెక్కడ కూడు దొరుకుతుంది అని ఏడ్చాడు. పొద్దున్నే ఎవరూ లేకుండా చూసి నేనే పెగ్‌ని దొడ్లోకి తీసుకెళ్ళాను."

"దొడ్లోకా? నువ్వా?"

"ఆ, నేనే. ఆకాశం ఊడిపడలేదు. అవతల ముసల్ది సకిలించిందో లేదో, పెగ్ చెవులు వాల్చి ఒక్క తన్ను తన్నింది. పలక ఊడి నా వేలి మీద పడింది. ఇంకోటి తన్నకముందే లాక్కొచ్చేశాను. మర్నాడు వడ్రంగి వేరే పలక కొట్టాడు. పాత పలక పారేయడమెందుకని నేను తెచ్చుకున్నాను."

"ఏదీ?"

"చీజులు నేల మీద పెట్టు."

ఇద్దరూ కలిసి చీజు ముద్దలన్నీ దించారు. బల్ల పలకని ఎత్తి తిరగేశారు. అడుగున, ఒక కొస దగ్గర, ఓక్ కర్రలో అంగుళం లోతున గిట్ట గుర్తు. ఆంబ్రోజ్ దాని మీద అరచెయ్యి పెట్టాడు. పదహారేళ్ళు పొద్దున్నా సాయంత్రమూ ఈ బల్ల పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. తన ప్రశ్నకి జవాబు మోకాళ్ళ ఎత్తులో తలకిందులుగా ఉంది. అతనికి ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి. గుండెల మీద నుంచి బండరాయి ఎవరో ఎత్తి అవతల పారేసినట్టుంది.

"ఎందుకే నాకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు దొరకి చెప్పేవాడివి. నువ్వెందుకు నాకు చెప్పలేదు?"

ఆంబ్రోజ్ జావ ఒక్క గుక్కలో తాగి పలక భుజానికెత్తుకున్నాడు.

బంగళాలో చిన్నదొర, ఓగ్డెన్ ఒక పెద్ద మేజా దగ్గర కూర్చుని ఉన్నారు. పలక మోసుకొచ్చిన కాపరినీ, వెనకాల తెల్ల తలగుడ్డతో వచ్చిన అతని భార్యనీ చూసి ఇద్దరూ తెల్లబోయారు. ఆంబ్రోజ్ బైబిలు ముట్టుకోకుండా ముందు తన తప్పు చెప్పాడు. డోర్కస్ తన తప్పు చెప్పింది. చిన్నదొర మొహం ఎర్రబడింది.

"అయితే మా నాన్నగారి కట్టుబాటు నువ్వు తప్పావన్నమాట."

"తప్పాను బాబుగారూ. ఆ ఏడు పదమూడు గుర్రాలు చూడి నిలిచాయి. అంతకుముందూ తర్వాతా పన్నెండు దాటలేదు."

ఓగ్డెన్ విగ్గు కింద గోక్కున్నాడు. "కథ బాగుంది. కానీ ఈ గుర్తు పెగ్‌దేనని నమ్మకమేమిటి? ఏ గుర్రమైనా తన్ని ఉండొచ్చు కదా?"

ఆంబ్రోజ్ మేజా మీద ఉన్న సిరాబుడ్డి వైపు చూశాడు. పెగ్ చనిపోయినప్పుడు పెద్దదొర దాని వెనక ఎడమకాలి గిట్ట కోయించి, వెండి మూత వేయించి సిరాబుడ్డి చేయించుకున్నాడు. పేరున్న గుర్రాలకి దొరలు చేసే మర్యాద అది. చిన్నదొర కూడా అటే చూశాడు. సిరా ఒక గిన్నెలోకి వంచేసి, గిట్టని ఆంబ్రోజ్ చేతిలో పెట్టాడు. ఆంబ్రోజ్ పలక నేల మీద పెట్టి, గిట్టని ఆ గుంటలో దించాడు. లోపలి అంచున, చిన్నప్పుడు గిట్ట మొదట్లో రాయి తగిలి ఎంత పెరిగినా పూడకుండా ఉండిపోయిన నొక్కు, గుంటలో ఉబ్బెత్తుగా మిగిలిన కర్ర, రెండూ ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాయి.

ఓగ్డెన్ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. "కొంచెం వదులుగా ఉంది."

"చచ్చి ఎనిమిదేళ్ళు ఈ పొయ్యి పక్కన ఎండింది దొరా. మీరైనా అంతమాత్రం చిక్కుతారు" అంది డోర్కస్.

చిన్నదొరకి నవ్వు ఆగలేదు. అతను నవ్వాక ఓగ్డెన్ కూడా నవ్వాడు. తర్వాత కాగితం తీసి, 'మరే మగగుర్రమూ దగ్గరికి రాలేదు' అన్న వాక్యం కొట్టేసి, ఏం రాయమంటావని ఆంబ్రోజ్‌నే అడిగాడు.

"ఒక తట్టు వచ్చింది, తన్నులు తిని పోయింది అని రాయండి."

ఓగ్డెన్ కొంచెం ఆలోచించి, 'మరే మగగుర్రాన్నీ దరి చేరనివ్వలేదు' అని రాశాడు. అప్పుడు ఆంబ్రోజ్ టోపీ తీసి, ఎడమచేతిలో పట్టుకుని, కుడిచెయ్యి బైబిలు మీద పెట్టాడు. డోర్కస్ గుమ్మం దగ్గర నిలబడి అతని గొంతు వైపే చూస్తోంది.

"హాబ్. ముదురెరుపు. డార్న్‌బ్రో టర్క్ కొడుకు. తల్లి పెగ్..."

గుటక పడలేదు. విధవ హట్టన్ గారి నల్లదాని దాకా, పాదిరిగారి కుంటిదాని చెల్లెలి దాకా వాగు పారినట్టు సాఫీగా వెళ్ళిపోయింది. డోర్కస్ తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. ఆంబ్రోజ్ నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీశాడు.

ఆ పలక హాల్లో గోడకి తగిలిద్దామన్నాడు చిన్నదొర. "నా చీజులు నేల మీదున్నాయి బాబుగారూ, కుక్క ఇంట్లోనే ఉంది" అని డోర్కస్ ఒప్పుకోలేదు. పలకకి చెరో కొస పట్టుకుని మొగుడూ పెళ్ళాం ఇంటిదారి పట్టారు. దారిలో హాబ్ మడి. ముసలివాడు, వీపు కొంచెం వంగింది, మనుషుల్ని చూసి కంచె దగ్గరికి నడిచొచ్చాడు. ఆంబ్రోజ్ తన కొసని కంచె మీద ఆనించి, ఆ పొట్టి మెడ చుట్టూ రెండు చేతులూ వేశాడు.

"మీ నాన్నెవరో తెలిసిందిరా అబ్బాయ్. తెలియకపోయినా నాకు నువ్వేం తక్కువ కావురా. ఆ మాట ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకోలేకపోయాను, అంతే."

హాబ్ అతని జేబు వాసన చూశాడు. అందులో ఏమీ లేదు.

"మీ ఇద్దరి ముద్దులూ తర్వాత" అంది డోర్కస్. "నా చెయ్యి పడిపోతోంది, అటు కొస పట్టు."

ఆంబ్రోజ్ పట్టుకున్నాడు.